రాగిణీ చిత్రం: సంగీతం స్త్రీరూపం దాల్చిన తీరు

నిర్వచనం, పరిధి

ఒక రాగాన్ని గానీ మరో సంగీతరీతిని గానీ స్త్రీమూర్తిగా భావించి గీసిన బొమ్మ రాగిణీ చిత్రం. సంకుచితార్థంలో ఈ మాట 16 నుంచి 19వ శతాబ్దం దాకా దక్కను, రాజస్థాన్, పహాడీ దర్బారుల్లో వెలసిన రాగమాల (రాగాల వరుస) చిత్రాల్లోని నాయికలకు మాత్రమే వర్తిస్తుంది. విశాలార్థంలో 20వ శతాబ్దంలో అమెరికా నల్లజాతీయుల జాజ్, బ్లూస్ సంగీతాల ప్రేరణతో గీసిన గాయనుల, నర్తకుల చిత్రాలు కూడా ఈ కోవలోకి వస్తాయి. రెంటికీ పుట్టుకలో సంబంధం లేదు. చెవికి వినిపించేదాన్ని కంటికి ఎలా చూపాలన్న సమస్య మాత్రం రెంటికీ ఒక్కటే.

వీణ పట్టుకున్న స్త్రీ కనిపించిన ప్రతి బొమ్మా రాగిణీ చిత్రం కాదు. రాజా రవివర్మ 1889 ప్రాంతంలో గీసిన గాయనీమణుల బృందచిత్రం ఇప్పుడు మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉంది. అందులో వేర్వేరు ప్రాంతాల కట్టుబొట్టులతో స్త్రీలు వాద్యాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. అది సంగీతకారుల బొమ్మే గాని సంగీతానికి వేసిన బొమ్మ కాదు. తోడి రాగిణి చిత్రంలో మాత్రం వీణ పట్టిన స్త్రీయే తోడి. ఆమె రాగాన్ని పాడుతున్నది కాదు, తానే రాగం.

కృష్ణా మెట్టసీమలో పూర్వరూపాలు

స్త్రీరూపమూ సంగీతమూ ఒకే ఫలకం మీద కలిసి కనిపించే తొలి తెలుగు నేల ఆధారాలు రంగుల్లో లేవు, రాతిలో ఉన్నాయి. కృష్ణా మెట్ట ప్రాంతంలోని జగ్గయ్యపేట దగ్గరి ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ పరిశీలించి, అమరావతి స్తూపంతో కలిపి 1887లో గ్రంథంగా ప్రకటించాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి ఫలకం క్రీస్తు పూర్వపు శతాబ్దాల నాటిది. చెయ్యి పైకెత్తి నిలబడిన రాజు, మేఘాల నుంచి రాలుతున్న నలుపలకల నాణేలు, చుట్టూ చక్రవర్తికి చెప్పిన ఏడు రత్నాలు అందులో ఉన్నాయి. ఆ ఏడింటిలో ఒకటి స్త్రీరత్నం, అంటే రాణి. సన్నటి నడుము, పొడవాటి కాళ్లు, బరువైన నగలతో తీర్చిన ఈ తొలి స్త్రీమూర్తిలో సంగీతం లేదు. ఆ శరీరపు లయ మాత్రం తర్వాతి అమరావతి శిల్పులకు ఒరవడి అయింది.

కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న అమరావతిలోను, నాగార్జునకొండలోను ఆ లోటు తీరింది. అక్కడి అంతఃపుర దృశ్యాల్లో, దేవలోక దృశ్యాల్లో ఆడవాళ్లు వింటి ఆకారపు వీణలు మీటుతూ, వేణువులూదుతూ, మద్దెలలు వాయిస్తూ, ఆడుతూ కనిపిస్తారు. ఈ వింటి వీణ తర్వాతి కాలంలో భారతదేశంలో దాదాపు కనుమరుగైంది. కాబట్టి ఈ ఫలకాలు శిల్పచరిత్రకే కాక వాద్యచరిత్రకూ పనికొస్తాయి.

ఈ శిల్పాలకు వాడిన లేత ఆకుపచ్చ సున్నపురాయి కృష్ణకు ఇరువైపులా పరుచుకున్న రాతిపొరలోదే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్టణం కడుతున్నప్పుడే, 1797లో, ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడి స్తూపాన్ని చూశాడు.

శాస్త్ర ఆధారం: ధ్యాన శ్లోకాలు

రాగానికి రూపం కల్పించింది చిత్రకారులు కాదు, సంగీతశాస్త్రకర్తలు. ప్రతి రాగానికీ ఒక అధిదేవతను ఊహించి, ఆ దేవత మేనిరంగు, బట్టలు, చేతిలోని వస్తువు, ఉన్న చోటు, మనఃస్థితి చెప్పే శ్లోకాలు మధ్యయుగపు సంగీత గ్రంథాల్లో పెరుగుతూ వచ్చాయి. వీటికి ధ్యాన శ్లోకాలని పేరు. గాయకుడు పాడబోయే ముందు ఆ మూర్తిని మనసులో నిలుపుకోవడం వాటి ఉద్దేశం.

ఈ విషయాన్ని సిద్ధాంతంగా స్పష్టంగా చెప్పినవాళ్లలో ఆంధ్రుడిగా పేరున్న సోమనాథుడు ముఖ్యుడు. ఆయన ‘రాగవిబోధం’ రచనాకాలం 1609. రాగానికి రెండు రూపాలున్నాయన్నాడు ఆయన. స్వరాలతో ఏర్పడేది నాదమయ రూపం, ధ్యానంలో నిలిచేది దేవతామయ రూపం. మొదటిది వీణ మీద పలికేది, రెండోది మనసులో కనిపించేది. ఒకే గ్రంథంలో స్వరలిపితో రాసిన రచనలూ దేవతామూర్తుల వర్ణనలూ పక్కపక్కనే ఉండటం దీని ప్రత్యేకత. విచిత్రమేమంటే ఇంత స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా కర్ణాటక సంగీతం వేళ్లూనిన దక్షిణాదిలో రాగమాల చిత్రకళ ఉత్తరాదిలో లాగా బలపడలేదు. ఇక్కడ రాగాలను మేళకర్తల (జనక రాగాల) లెక్కలో అమర్చారు. అక్కడ భార్యాభర్తలుగా, బిడ్డలుగా అమర్చారు. చిత్రకారుడికి పనికొచ్చేది రెండో అమరికే.

కుటుంబ విభజన

ఉత్తరాది పద్ధతుల్లో ఎక్కువ ప్రచారంలో ఉన్న లెక్క ప్రకారం పురుష రాగాలు 6. భైరవ, మాలకౌశిక, హిందోళ, దీపక, శ్రీ, మేఘ. ఒక్కొక్క రాగానికి 5 మంది రాగిణులు. మొత్తం 36 చిత్రాలు ఒక సంపుటం. క్షేమకర్ణుడు 1570లో రాసిన ‘రాగమాల’ రాగపుత్రులను కూడా చేర్చి ఈ కుటుంబాన్ని 80కి పైగా పెంచింది. ఏ రాగిణి ఏ రాగానికి భార్య అన్న విషయంలో గ్రంథానికీ గ్రంథానికీ పొత్తు కుదరదు. పేరు మీద ఆధారపడి బొమ్మను గుర్తించబోతే తికమక తప్పదు. బొమ్మ పైభాగాన రాసి ఉన్న శ్లోకాన్నో పేరునో చదివి నిర్ధారించుకోవడం పండితుల పద్ధతి.

ముఖ్యమైన రాగిణులు, వారి గుర్తులు

తోడి: తోటలోనో అడవి అంచునో వీణ పట్టుకుని నిలబడిన యువతి. నాదానికి మైమరచి దగ్గరికొచ్చిన లేళ్లు. రాగమాల చిత్రాల్లో చప్పున గుర్తుపట్టగలిగేది ఇదే.

ఆసావరి: నల్లని మేనిఛాయ గల స్త్రీ. గంధపు చెట్ల కొండ మీద కూర్చుని పాములతో ఉంటుంది. గంధపు చెట్టును అంటిపెట్టుకునే పాములు చెట్టు దిగి ఆమె దగ్గరికి వస్తాయి.

భైరవి: కొలను మధ్య గుడిలో శివలింగాన్ని పూజిస్తూ తాళం వేసే స్త్రీ.

ధనాశ్రీ: దూరమైన ప్రియుడి రూపాన్ని పలక మీద గీసుకుంటున్న విరహిణి. సంగీతానికి వేసిన బొమ్మలో ఉన్న స్త్రీ తానూ బొమ్మ గీస్తుంటుంది. చిత్రకారులకు ఇది ఇష్టమైన ఘట్టం. పలక మీది ఆ చిన్న ముఖానికి కూడా పూర్తిగా కన్నూముక్కూ తీర్చిన ప్రతులున్నాయి.

విలావలి అద్దంలో చూసుకుంటూ కమ్మలు పెట్టుకుంటుంది, కకుభ నెమళ్ల మధ్య దండలు పట్టుకుని తిరుగుతుంది, పటమంజరి వాడిన పూదండతో చెలికత్తె ఓదార్పు వింటూ కూర్చుంటుంది.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. కర్ణాటక సంగీతంలోని తోడి, హిందుస్తానీ తోడి ఒకటి కావు. కర్ణాటక తోడి స్వరాలు హిందుస్తానీ భైరవికి దగ్గర. కచేరీలో విన్న తోడిని మనసులో పెట్టుకుని లేళ్ల మధ్య వీణ పట్టిన ఆ బొమ్మను చూస్తే పొంతన దొరకదు. ఆ మాటకొస్తే హిందుస్తానీ రాగాలు కూడా ఈ నాలుగైదు వందల ఏళ్లలో చాలా మారాయి. బొమ్మ గీసినప్పటి తోడి ఎలా వినిపించేదో బొమ్మను బట్టి చెప్పలేం.

దక్కను సంప్రదాయం

దక్కనులో లభిస్తున్న తొలి రాగమాల చిత్రాలు 16వ శతాబ్దం చివరి భాగానివి. బంగారు పూత ఆకాశం, పొడవాటి దేహాలు, మోకాళ్లు దాటే జడలు, ఎగిరే పైటకొంగులు, పైన సంస్కృత శీర్షిక వీటి లక్షణాలు. అహ్మద్‌నగర్ రాజ్యానివని కొందరు, మరో దక్కను దర్బారువని కొందరు పండితులు భావిస్తారు. బీజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్షా (పాలన 1580–1627) స్వయంగా ‘కితాబె నౌరస్’ అనే గేయ సంపుటం రాశాడు. వీణ, సరస్వతి, రాగాలు అతని దర్బారు చిత్రకళకు ప్రియమైన విషయాలయ్యాయి.

పైన చెప్పిన జగ్గయ్యపేట, దాని పక్కనున్న నందిగామ ప్రాంతం అప్పట్లో కొండపల్లి కేంద్రంగా గోల్కొండ కుతుబ్షాహీల ఏలుబడిలో ఉండేది. తర్వాత నిజాం చేతికి, 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారుల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. సరిగ్గా ఆ మార్పు కాలంలోనే హైదరాబాదులో రాగమాల చిత్రాలు విరివిగా తయారయ్యాయి. వాటిలో ఒక సంపుటం హైదరాబాదులో 1784–85లో రెసిడెంటుగా ఉన్న రిచర్డ్ జాన్సన్ సేకరణ ద్వారా లండన్ బ్రిటిష్ లైబ్రరీకి చేరింది. తెల్లటి మేడ, దాని ముందు పూలమడులు, వెనక పచ్చని ఏటవాలు నేల, కాషాయం లేదా పసుపు లంగాల్లో పలచని మేలిముసుగుతో నాయికలు ఈ హైదరాబాదు శైలిలో కనిపిస్తారు. దక్కను తొలి చిత్రాల్లోని వింత వెలుగు వీటిలో తగ్గి, పొందిక పెరిగింది.

తయారీ పద్ధతి

చేతి కాగితాలను ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి మందమైన అట్టగా చేసి, నునుపైన రాయితో రుద్దేవారు. దాని మీద పలచని జేగురు రంగుతో మొదటి గీత, దానిపై తెల్లపూత, మళ్లీ దిద్దిన గీత. రంగులు ఎక్కువగా ఖనిజాలవి: ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, ఇటుక రంగుకు జేగురు. నీలానికి నీలిమందు. వీటిని తుమ్మజిగురుతో కలిపేవారు. కుంచెకు ఉడుత తోక వెంట్రుకలు. ఒక్కొక్క పూత ఆరాక అట్టను బోర్లించి వెనక నుంచి మెరుగురాయితో రుద్దితే రంగు గట్టిపడి నిగనిగలాడేది. నగల ముత్యాలకు తెలుపును చుక్కలుగా ఉబ్బెత్తుగా పెట్టేవారు. ఏటవాలు వెలుగులో చూస్తే ఆ చుక్కలు ఇప్పటికీ వేలికి తగిలేట్టు కనిపిస్తాయి.

నాయిక, పదం, గాయని

రాగిణి ఒంటరిగా పుట్టలేదు. భరతుడి నాట్యశాస్త్రం నాటి అష్టవిధ నాయికలే ఆమెకు తోబుట్టువులు. విరహోత్కంఠిత, వాసకసజ్జిక, అభిసారిక, ఖండిత వంటి అవస్థలను చిత్రకారుడు రాగాలకు అతికించాడు. కృష్ణా జిల్లాలో అదే పని పదకర్తలు చేశారు. మువ్వ గ్రామంతో ముడిపడిన 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో నాయిక అవస్థ, రాగం, అభినయం విడదీయలేనివి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ కూడా ఆ వంశంలోదే. చిత్రకారుడు రాగిణిని కాగితం మీద నిలబెట్టిన కాలంలో కృష్ణా డెల్టా గ్రామాల్లో అదే నాయికను ఆటలో నిలబెట్టారు. అందువల్ల ఈ ప్రాంతంలో రాగమాల చిత్రాలకు సమానమైనది బొమ్మల్లో కాక అభినయంలో వెతకాలి.

రాగిణీ చిత్రాలకు నిజమైన గాయనితో ప్రత్యక్ష సంబంధం చూపే తెలుగు నేల ఉదాహరణ హైదరాబాదులో ఉంది. మహ్లకా బాయి చందా (1768–1824) నిజాం దర్బారులో గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి. ఆమె 1799లో కంపెనీ అధికారి జాన్ మాల్కంకు ఇచ్చిన కవితల ప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆమె సంగీత గురువు ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ రచించిన ‘రాగ్ దర్శన్’ రాగాలను పరిచయం చేసే గ్రంథం. 19వ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో తయారైన దాని సచిత్ర ప్రతి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉంది. రాగాన్ని ఎరిగినవాడు రాయగా, చిత్రకారుడు రాగిణులను గీయగా, వాటిని పాడగల స్త్రీ అదే దర్బారులో ఉన్న సందర్భం ఇది. సాధారణంగా రాగమాల చిత్రకారుడు సంగీతం విని గీశాడనడానికి ఆధారం ఉండదు. శ్లోకం, పాత బొమ్మ ముందు పెట్టుకుని గీసిందే ఎక్కువ. హైదరాబాదు ఉదాహరణ అందుకే విలువైనది. మహ్లకా సమాధి నగరంలోని మౌలాలి గుట్ట దగ్గర ఉంది.

జాజ్ యుగపు చిత్రాలు

విశాలార్థంలోని రాగిణీ చిత్రాలకు ప్రేరణైన జాజ్ 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నల్లజాతీయుల మధ్య రూపుదిద్దుకుంది. మొదటి జాజ్ రికార్డు 1917లో వెలువడింది. తాళానికి ఎదురు పడే నొక్కులు, ఉన్నపాటున అల్లే స్వరకల్పన, గాయకుడికీ వాద్యానికీ మధ్య సవాలు జవాబులు దాని లక్షణాలు. మనోధర్మం విషయంలో ఇది మన కచేరీకి దూరమైనది కాదు. కానీ జాజ్‌కు ధ్యాన శ్లోకం లేదు. ఎవరిని గీయాలో, ఏ రంగు చీర కట్టాలో చెప్పే శాస్త్రం లేదు. చిత్రకారుడికి అందింది లయ ఒక్కటే. దాంతో రాగమాలలో లేని ప్రయోగం ఇక్కడ జరిగింది. బొమ్మలో ఏముంది అన్నదాని కంటే గీత ఎలా కదిలింది అన్నది ముఖ్యమైంది.

1925లో పారిస్‌లోని షాంజెలీజే థియేటర్‌లో అమెరికా నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్ (1906–1975) నాట్యం చేసింది. ఆ ప్రదర్శనకు చిత్రకారుడు పోల్ కోలాన్ వేసిన పోస్టరు అతనికీ ఆమెకూ పేరు తెచ్చింది. కోలాన్ తర్వాత ఆమె నాట్యభంగిమలను రంగుల ముద్రణలుగా సంపుటీకరించాడు. అదే కాలంలో శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ ఆమెను ఇనుప తీగ వంచి మలిచాడు. తీగ కదిలితే బొమ్మ ఊగుతుంది. ఈ చిత్రాల్లో నల్లజాతి స్త్రీ శరీరాన్ని వింతవస్తువుగా చూసే యూరపు చూపు ఉందన్న విమర్శ న్యాయమైనదే. జర్మనీలో ఓటో డిక్స్ 1927–28లో గీసిన ‘మహానగరం’ అనే మూడు పలకల చిత్రంలో మధ్య పలక జాజ్ మేళం, నాట్యం, పట్టుబట్టల స్త్రీలు. పక్క పలకల్లో యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్న సైనికులు, వీధి స్త్రీలు. ఆనందాన్ని అనుమానంతో చూసిన బొమ్మ అది.

నల్లజాతి చిత్రకారుల చేతిలో విషయం మారింది. ఆర్చిబాల్డ్ మోట్లీ 1929లో పారిస్‌లో గీసిన ‘బ్లూస్’లో నాట్యశాల కిక్కిరిసి ఉంటుంది. వాద్యాల గొట్టాలూ స్త్రీల భుజాలూ ఒకదానికొకటి తగులుతూ బొమ్మంతా ఒకే కదలికగా కనిపిస్తుంది. రొమేర్ బేర్డెన్ (1911–1988) 1974లో చేసిన ‘ఎంప్రెస్ ఆఫ్ ద బ్లూస్’ గాయని బెస్సీ స్మిత్ (1894–1937) చిత్రం. ఆమె బిరుదే బొమ్మ పేరు. రంగు కాగితాలు, అచ్చు కాగితాల ముక్కలు కత్తిరించి అతికించి, రంగువేసి చేసిన ఈ చిత్రంలో గాయని ముందు నిలబడి ఉంటుంది, వెనక వాద్యబృందం. ఎర్ల్ హైన్స్ పియానో వాదనలో స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీని వినమని చిత్రకారుడు స్టువర్ట్ డేవిస్ బేర్డెన్‌కు సలహా ఇచ్చాడు. కాగితం ముక్కల మధ్య వదిలిన జాగాల్లో ఆ పాఠం కనిపిస్తుంది. సంగీతం చిత్రంలోకి ఎలా దిగుతుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకడం కష్టం. ఈ చిత్రం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ కళా మ్యూజియంలో ఉంది.

లయనే పూర్తిగా నమ్ముకున్నవాళ్లకు చివరికి స్త్రీమూర్తి అక్కరలేకపోయింది. మోంద్రియాన్ ‘బ్రాడ్‌వే బూగీవూగీ’ (1942–43) ఎరుపు, నీలం, పసుపు చదరాలే. మతీస్ ‘జాజ్’ (1947) సంపుటంలోని 20 చిత్రాల్లో ఎక్కువ భాగం సర్కసు దృశ్యాలు. పేరు మాత్రమే జాజ్‌ది.

ఆధునిక ఆంధ్రలో

మచిలీపట్నంలో 1910లో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటోపాధ్యాయ చిత్రకళ నేర్పాడు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు (1895–1952) నవలాకారుడు, చిత్రకారుడు, పాటగాడు కూడా. ‘శశికళ’ పేరుతో ఆయన కల్పించుకున్న ఊహాసుందరి పాటల్లో పుట్టింది. నాదాన్నే విషయంగా తీసుకుని ‘శబ్దబ్రహ్మ’ అనే చిత్రం కూడా ఆయన గీశాడు. తెలుగులో సంగీతం, స్త్రీ, చిత్రం ఒక్క చేతిలో కలిసిన సందర్భంగా బాపిరాజును చెప్పుకోవాలి.

జాజ్ వాద్యాల చప్పుడు సామాన్య తెలుగువాడికి చేరింది సినిమా క్లబ్బు పాటల ద్వారా. ‘దేవుడు చేసిన మనుషులు’ (1973) చిత్రంలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన క్లబ్బు పాటకు స్వరం కట్టిన రమేశ్ నాయుడు నందిగామకు దిగువనున్న కొండపల్లిలో పుట్టినవాడే. ఆ రోజుల్లో సినిమాహాళ్ల ముందు చేత్తో రంగులు వేసిన గుడ్డ బ్యానర్లు, కటౌట్లు వెలిసేవి. వాటి మీది క్లబ్బు నర్తకి బొమ్మను కళాచరిత్రలు పట్టించుకోలేదు. సంగీతం కోసం గీసిన స్త్రీ చిత్రాల్లో ఎక్కువమంది చూసినవి మాత్రం అవే.

మెట్టసీమలో బతికి ఉన్న ఆచారం

జగ్గయ్యపేటలో స్త్రీమూర్తికి రంగులద్దడం ఇప్పటికీ మేళతాళాలతో సాగే వ్యవహారం. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో వెలసిన తిరుపతమ్మ, గోపయ్య, సహదేవతల కొయ్య విగ్రహాలను రెండేళ్లకోసారి ఊరేగింపుగా జగ్గయ్యపేటలోని రంగుల మండపానికి తీసుకొచ్చి, కొత్తగా రంగులు వేయించి తిరిగి తీసుకెళ్తారు. దీన్ని రంగుల మహోత్సవం అంటారు. ఇది రాగిణీ చిత్రం కాదు. సంగీతం నుంచి పుట్టిన రూపమూ కాదు. అమ్మవారి రూపం ముందే స్థిరమైనది, రంగే మారుతుంది. ధ్యాన శ్లోకంలో చెప్పిన రూపాన్ని తరతరాల చిత్రకారులు మళ్లీ మళ్లీ గీసిన రాగమాల పద్ధతికి మాత్రం ఇది జాజ్ చిత్రాల కంటే దగ్గర.

చూడదగిన చోట్లు

జగ్గయ్యపేట మాంధాత ఫలకం, అమరావతి శిల్పాల్లో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి ఫలకాలు మరికొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. దక్కను సూక్ష్మచిత్రాలను దగ్గరగా చూడదలచిన జగ్గయ్యపేట, నందిగామ వాసులకు అందుబాటులో ఉన్నది హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం. రెండు ఊళ్ల నుంచీ 65వ నంబరు జాతీయ రహదారి నేరుగా ఆ నగరానికి వెళ్తుంది.